బాపు అమ్మకుండా ఉంచుకున్న బండి

తమ్ముడు సత్తయ్య ఫోను చేసినప్పుడు నేను కామారెడ్డిలో మా ఇంటి వరండాలో కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తున్నాను. బాపు, అంటే మా నాన్న, వదిలిపోయిన బండిని చూడడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వస్తున్నాడనీ, నన్ను తప్పకుండా ఎల్లారెడ్డి రమ్మనీ అన్నాడు. "నేనెందుకురా, నువ్వే మాట్లాడుకోరాదు" అన్నాను. "గట్లగాదక్కా. ఆయనకు బండి కథ గావాల్నంట. బాపు ఎవరి దగ్గర కొన్నడు, ఎక్కడెక్కడ తిరిగింది, అన్నీ అడుగుతుండు. నాకేమెరుక? నాకు తెలివొచ్చేసరికే అది మూలకు వడ్డది" అన్నాడు. గొంతు తగ్గించి, "గానీ ఒక్కటి జెప్తున్న. గా పీనుగుల ముచ్చట తియ్యకు. దొర గడీల ఉండె, పెండ్లిళ్లకు తిరిగింది, గది జెప్పు సాలు" అన్నాడు. సరేనన్నాను. ఫోను పెట్టేసి మిగతా చింతపండు గింజలు కూడా తీశాను. బండిని అమ్మేస్తున్నారంటే మనసులో ఏదో ఒకటి కదలాలి కదా అని ఎదురుచూశాను. ఏమీ కదల్లేదు.

మరుసటి ఉదయం బస్సెక్కాను. తాడ్వాయి, లింగంపేట దాటుతుంటే కిటికీ పక్కన కూర్చుని కూడా బయటికి పెద్దగా చూడలేదు. బడి పంతులమ్మగా ఈ దారిలోనే చాలా ఏళ్లు తిరిగాను, కొత్తగా చూసేదేమీ లేదు. ఇంటికి చేరేసరికి తమ్ముడు షెడ్డు ముందు పేర్చిన కట్టెలూ, వడ్ల సంచులూ తీయించి, బండి మీది టార్పాలిన్ లాగేసి ఉంచాడు. మా బండి ప్లిమత్. అమెరికా వాళ్ల తయారీ. మా షెడ్డు నిండా అదే ఉండేది, ముక్కు వెనక గోడ దాకా, తోక గుమ్మం దాకా వచ్చేది. ఒకప్పటి మీగడ రంగు ఇప్పుడు మట్టి రంగులోకి దిగింది. టైర్లు ఎప్పుడో నేలకు అణిగిపోయాయి. ముందు సీటు, వెనక సీటు రెండూ మంచాలంత వెడల్పు. గేరు కడ్డీ స్టీరింగ్ కిందే ఉండేది కాబట్టి ముందు సీటు మధ్యలో అడ్డం ఉండేది కాదు, ముగ్గురు పెద్దవాళ్లు హాయిగా కూర్చునేవారు.

వచ్చినాయన పేరు ఫరూఖ్. నా ఈడు ఉంటుంది. తెల్ల లాల్చీ, కళ్లద్దాలు. తమ్ముడు కుర్చీ వేసినా కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచి, బానెట్ మీద అరచేయి తిప్పి వెనకవైపుతో తాకాడు, జ్వరం ఉందేమో చూసినట్టుగా. తర్వాత మా వైపు తిరిగి మాట్లాడడం మొదలుపెట్టాడు. తన చిన్నప్పుడు ఇలాంటి పెద్ద బండ్లు బోధన్ రోడ్డు మీద, మెదక్ రోడ్డు మీద, బాన్సువాడ దిక్కు ఎన్నో తిరిగేవి. దొరలు, జాగీర్దార్లు కొన్నవి, తర్వాత టాక్సీలైనవి. ఇప్పుడు ఒక్కటి దొరకాలంటే ఊరూరూ గాలించాలి అన్నాడు. "ఇనుము బరువుంటదని పాతసామాన్లోళ్లు ముక్కలు జేసిండ్రు. సినిమావోళ్లు లోయలకు దొబ్బిండ్రు. మిగిలినవి వానకు తుప్పుపట్టి పోయినయ్. గిప్పుడు ఉన్నోడు అమ్మడు, అమ్మెటోడు నోటికొచ్చిన రేటు జెప్తడు. ఏడాదికేడాది పెరుగుతనే ఉన్నది, నా అసొంటోనికి అందకుండ అయితున్నది" అని నవ్వాడు. తర్వాత తను ఇవ్వగలిగిన ధర చెప్పాడు. ఆ డబ్బుతో కొత్త కార్లు రెండు వస్తాయి. తమ్ముడి భార్య లక్ష్మి చాయ్ పట్టుకొచ్చి ఆ మాట విని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నాకు ఆ బండితో పాటు కామారెడ్డి స్టేషను ముందు నిలబడే మిగతా బండ్లు గుర్తొచ్చాయి. బాపుతో పాటు టాక్సీలు నడిపిన వాళ్లవి. ఒకటి ఆకుపచ్చది, దాన్ని తర్వాత ఒకాయన కోళ్ల గూడు చేశాడు, కోడిపెట్టలు స్టీరింగ్ మీద ఎక్కి కూర్చునేవి. ఇంకొకదాని తలుపులు బీబీపేట దిక్కు ఒక పెరటికి గేట్లయ్యాయి. ఒక నల్లది ఉండేది, అదెక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. వాటిని నడిపినవాళ్లూ ఇప్పుడు లేరు.

బాపు పేరు రాజయ్య. ఎల్లారెడ్డి దగ్గరి ఊళ్లో ఒక దొర దగ్గర డ్రైవరుగా చేసేవాడు. దొర భూములు అమ్ముకుని హైదరాబాదుకు పోతూ, ఆ సందుగొందుల్లో ఇంత పెద్ద బండి తిరగదని, పెట్రోలు మింగుతుందని, బాపుకే అగ్గువకు ఇచ్చేశాడు. అప్పటి నుంచి అది ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి మనుషుల్ని మోసింది. మా ఇంట్లో పొద్దు ఆ బండితోనే పొడిచేది. బాపు చీకటి ఉండగానే లేచి, అమ్మ కాచిన వేడినీళ్లు రేడియేటరులో పోసి, ముందున్న హ్యాండిల్ పట్టుకుని తిప్పేవాడు. అది దగ్గి, ఆగి, మళ్లీ దగ్గి, చివరికి అందుకునేది. ఖర్చు తగ్గుతుందని పెట్రోలులో కిరసనాయిలు కలిపేవాడు, అందుకని వాకిలంతా కిరసనాయిలు వాసన. ఇంట్లోకి వస్తే తునికాకు వాసన. అమ్మ బీడీలు చేసేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన ఆకు, మధ్యలో గోధుమరంగు జర్దా పొగాకు. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, మేం కొట్టుకుంటున్నా, ఆమె వేళ్లు ఆగేవి కావు. నాకూ నా చెల్లెకూ దారం చుట్టే పని ఇచ్చేది. చెల్లె నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. దారం చుట్టమంటే కాళ్లకు చుట్టుకునేది. సాయంత్రం బాపు మలుపు దగ్గర హారన్ కొట్టగానే ఆ దారంతోనే పరిగెత్తి బోర్లా పడేది. ఆ హారన్ ఊరందరికీ తెలుసు. అది వినపడగానే అమ్మ చాట పక్కన పెట్టి అన్నం వడ్డించడానికి లేచేది.

పెండ్లిళ్లప్పుడు బండికి బంతిపూల దండలు కట్టేవారు. గాంధారి దిక్కు తండాల నుంచి కూడా వచ్చి బాపును మాట్లాడుకునేవారు. పెండ్లిపిల్ల వెనక సీటులో, చుట్టూ మేనత్తలూ పిల్లలూ, ఒకరి ఒళ్లో ఒకరు. ఇదొక పని. ఇంకొక పని ఎవరూ పైకి చెప్పేవారు కాదు. కామారెడ్డి దవాఖానలో ఎవరైనా చనిపోతే ఊరికి తేవడానికి మా బండినే పిలిచేవారు. అంత వెడల్పు సీటు ఇంకే బండికీ లేదు. వెనక సీటు మీద కొంచెం ఏటవాలుగా పడుకోబెడితే మనిషి కాళ్లు మడవకుండా పట్టేది. తీసుకొచ్చిన ప్రతిసారీ బాపమ్మ, అంటే బాపు తల్లి, బకెట్టులో పసుపునీళ్లు కలిపి బండి కడిగేది, కడుగుతూ తిట్టేది.

"పెండ్లిపిల్లనెక్కించిన సీటు మీదనే పీనుగనెక్కిస్తవు. రేపు ఎవ్వలన్న ఎక్కుతరార గీ బండి? పాపం తలుగదార నీకు?"

బాపు మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతూ వినేవాడు. కోపం వచ్చేది కాదు ఆయనకు. "చిన్న బండ్లల్ల మోకాళ్లు ఇరిసి కుక్కుతున్నరవ్వా. నేను జూసిన. గీ బండ్ల అయితె కాళ్లు సాపుకొని వస్తరు. సచ్చినోళ్లకు గంత సుకమన్న ఉండొద్దా?" అనేవాడు.

"నీ పిల్లలకు తలుగుతది జూడు" అని బాపమ్మ బకెట్టు బోర్లించి లోపలికి పోయేది. ఆ మాట అన్నందుకు ఆమె తర్వాత బతికినన్నాళ్లూ ఎంత కుమిలిందో నేను చూశాను. చివరి రోజుల్లో మంచంలో పడుకుని ఎవరూ అడక్కపోయినా "నేను గట్ల అనద్దుండె" అనేది. ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. కానీ అలా అనొద్దులే అని ఊరడించినవాళ్లూ లేరు. మా ఇంట్లో ఆ విషయం ఎవరూ మాట్లాడేవారు కాదు.

చెల్లెకు జ్వరం వచ్చి మూడో రోజున మెడ బిగుసుకుపోయింది. ఎల్లారెడ్డిలో చూసిన డాక్టరు కామారెడ్డి తీసుకుపొమ్మన్నాడు. బాపమ్మ అప్పుడే కాలు విరిగి మంచంలో ఉండడంతో అమ్మ ఇల్లు వదలలేకపోయింది. సాయంత్రానికి తిరిగి వస్తాం కదా అనుకున్నారు. చెల్లె తల ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి నన్ను పంపించారు. దారి పొడుగునా ఆమె తల వేడి నా తొడలకు తగులుతూనే ఉంది. కళ్లు తెరిచి బండి కప్పు వైపు చూసేది, నన్ను చూసేది కాదు. దవాఖానలో నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. చాలాసేపటికి బాపు ఆమెను తన పైపంచెలో చుట్టి ఎత్తుకుని బయటికి వచ్చాడు. నిద్రపోయిందనుకున్నాను. వెనక తలుపు తెరిచి సీటు మీద పొడుగ్గా పడుకోబెట్టాడు. ఆమెకు ఆ సీటులో సగం కూడా అక్కర్లేదు. నేను ఎప్పటిలా వెనక ఎక్కబోతే నా భుజం పట్టుకుని, "నువ్వు ముందు గూసో" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు.

ఆయన ఏడవలేదు. నేనూ ఏడవలేదు. వాన వెలిసి రోడ్డు తడిగా ఉంది. తాడ్వాయి దాటాక ఒకామె సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి చేయి ఊపింది. రోజూ ఎక్కించుకునే దారి, రోజూ ఊపే చేతులు. బాపు అలవాటుగా బండి ఆపేశాడు. ఆపాక గానీ ఆయనకు తెలిసి రాలేదనుకుంటాను, స్టీరింగ్ మీద చేతులు అట్లాగే ఉండిపోయాయి. "లింగంపేటకు, అన్నా" అంటూ ఆమె వెనక తలుపు తీసింది. తీసి చూసింది. చెల్లె పాదాలు పంచె బయట ఉన్నాయి. ఆమె అరవలేదు. పంచె కొంగు లాగి ఆ పాదాలు కప్పి, తలుపును చప్పుడు కాకుండా మూసింది. వెళ్లిపోతుందనుకున్నాను. గంపను ముందు తలుపు దగ్గర కాళ్ల కింద పెట్టి, "జరుగు బిడ్డా" అని నా పక్కన కూర్చుంది.

బండి కదిలింది. పండిన సీతాఫలాల వాసన, తడిసిన చీర వాసన. ఆమె చేయి నా వీపు వెనక నుంచి వచ్చి నా భుజం మీద ఉండిపోయింది. లింగంపేట వచ్చినప్పుడు బాపు బండి నెమ్మది చేసి, రోడ్డు వైపే చూస్తూ, "దిగుతవా అమ్మా?" అన్నాడు. గొంతు బాగానే ఉంది ఆయనది.

"పోనియ్యి అన్నా" అంది ఆమె.

తన ఊరు దాటి మాతో ఎల్లారెడ్డి దాకా వచ్చింది. మలుపు దగ్గర బాపు హారన్ కొట్టలేదు. ఇంటి ముందు బండి ఆగిన చప్పుడు విని అమ్మ తలెత్తింది. హారన్ లేకుండా బండి రావడం ఎప్పుడూ లేదు. ఆమె ఒడిలో చాట ఉంది, చేతిలో సగం చుట్టిన బీడీ. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టి, అప్పుడు లేచింది. సీతాఫలాలామె నాకంటే ముందు దిగి పోయి అమ్మను పట్టుకుంది. ఆ సాయంత్రం అంతా అమ్మ పక్కనే కూర్చుంది, నీళ్లు తాగించింది, బాపమ్మకు మంచంలో అన్నం పెట్టింది, నా తల దువ్వింది. చీకటి పడ్డాక లేచి వెళ్లిపోయింది. ఎవరు, ఎవరి మనిషి, ఎట్లా పోయింది, ఎవరికీ తెలియదు. గంప మా ఇంట్లోనే మర్చిపోయింది, లేక వదిలేసింది. ఆ పండ్లు మగ్గి, పగిలి, ఇల్లంతా తియ్యటి వాసన వేశాయి. ఎవరూ ముట్టలేదు. చివరికి బాపు వాటిని మేకలకు వేశాడు.

వారం తిరక్కుండా బాపు మళ్లీ బండి తీశాడు. గుండె రాయి అన్నారు జనం. దవాఖాన నుంచి కబురొస్తే పోయేవాడు కూడా. అమ్మ మాత్రం ఆ బండి ఎప్పుడూ ఎక్కలేదు, తన తల్లి చనిపోయినప్పుడు కూడా బస్సులోనే పోయింది. చెల్లె బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఫోటో ఎప్పుడూ తీయించలేదు. ఆమె పేరు పెట్టి పిలవడం మానేశాక ఆమె గురించి అనవలసి వస్తే "గా పిల్ల" అనేవాళ్లు, తర్వాత అదీ పోయింది. రెండు మూడేళ్లకు సత్తయ్య పుట్టాడు. బస్సులు పెరిగాయి, తర్వాత జీపులొచ్చాయి, బాపుకు బేరాలు తగ్గాయి. పెండ్లిళ్లవాళ్లు ముందే తప్పుకున్నారు. చివర్లో శవాలకే మా బండి. అదీ పోయాక ఒకనాడు బండిని షెడ్డులోకి నెట్టి టార్పాలిన్ కప్పాడు.

నేను కాన్పుకు ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, కామారెడ్డి నుంచి పాత ఇనుము కొనే ఒకాయన వచ్చాడు. బాపుకు అప్పుడు డబ్బు అవసరమే. బేరం కూడా దాదాపు కుదిరింది. లేచేముందు ఆ మనిషి, "గీ సీట్లు మాకొద్దు. పీకి బయట పారేస్తం, ఇనుమే మాకు లెక్క" అన్నాడు. బాపు తాగుతున్న చాయ్ కింద పెట్టాడు. "అమ్మలేను, పో" అన్నాడు. ఆ మనిషి రేటు పెంచబోతే లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే మాట. సత్తయ్య పెద్దయ్యాక షెడ్డు విషయమై గొడవ పడితే కూడా అదే మాట. ముసలాయనకు మొండితనం అని తమ్ముడు అనుకునేవాడు. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాడు.

షెడ్డు ముందు ఆ రోజు నేను ఫరూఖ్‌కు దొర గురించి చెప్పాను, పెండ్లిళ్ల గురించి చెప్పాను. తమ్ముడు తృప్తిగా తలూపాడు. ఫరూఖ్ వెనక తలుపు తెరిచాడు. ఎలుకలు కొరికిన గుడ్డ, లోపలి నుంచి బయటికి వచ్చిన కొబ్బరి పీచు. "ఇవన్నీ కొత్తగ చేపిస్త. సీటు మొత్తం మార్చాల్నే. గట్లయితెనే బండికి విలువ" అని, తలుపు వేస్తూ నన్ను అడిగాడు. "ఒక్కటి సమఝ్ కాలేదమ్మా. మీ దిక్కు అందరి బండ్లు పోయినయ్. మీ నాయన ఎందుకు అమ్మలే? ఆయనకు గిన్ని రేట్లొస్తయని ఎర్కనా?"

"ఎర్క లేదు" అన్నాను. తమ్ముడు నా వైపు చూస్తున్నాడు. అంతవరకు చెప్పి ఆపేయొచ్చు. కానీ ఆ మనిషి ఆ తలుపు మీద చేయి వేసి నిలబడి ఉన్నాడు. నేను చెప్పాను. శవాల గురించి చెప్పాను, చెల్లె గురించి చెప్పాను, సీతాఫలాలామె గురించి, ఇనుము కొనే మనిషి మాట గురించి చెప్పాను. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పాను. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు పేర్చిన కట్టెల మీద కూర్చున్నాడు.

ఫరూఖ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బండి తీస్కపోత. సీటు మీకిడిసి పోతనమ్మా. కాదంటె బండి గూడ ఒద్దు, ఇక్కడనే ఉండనియ్యుండ్రి. మీ ఇష్టం" అన్నాడు.

"ఒద్దు, తీస్కపోండి. బాపు ఉంచుకున్నడు, ఆయన ఉన్నన్ని దినాలు ఉన్నది. మేం దాన్ని ఏం జేసుకుంటం?" అన్నాను. నాకు అది నిజంగానే అనిపించింది. ఇప్పుడు ఎవరైనా పోతే ఫోను చేస్తే బండి వస్తుంది, అందులో చల్లటి పెట్టె ఉంటుంది, స్ట్రెచరు ఉంటుంది, కాళ్లు చాపుకునే పోతారు. దానికి బాపు లాంటివాడు అక్కర్లేదు. ఆ రోజుల్లో బండి ఆపితే లోపల ఎవరున్నారో చూసి ఎక్కేవాళ్లు. ఇప్పుడు ఆ బండి సైరనుతో పోతుంటే అందరూ పక్కకు జరిగి దారి ఇస్తారు. అది కూడా మర్యాదే. రెండిట్లో ఏది మేలో తేల్చే వయసు దాటిపోయాను.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ఇనుప తాడు కట్టి లాగుతుంటే బండి కదలనని మొరాయించి, కిర్రుమని, షెడ్డులోంచి వెనక్కి బయటికి వచ్చింది. వెలుతురులో అది నేననుకున్నంత పెద్దగా లేదు. లారీ మీదికి ఎక్కాక డ్రైవరు గొలుసులు బిగించాడు. ఫరూఖ్ నాకు రెండు చేతులూ జోడించి, లారీ ముందు సీటులో ఎక్కి పోయాడు. లారీ కామారెడ్డి రోడ్డు మీదికి తిరిగేదాకా లక్ష్మి గేటు దగ్గర నిలబడింది. నేను ఖాళీ షెడ్డులోకి పోయి చూశాను. ఎండిన నేల, ఎలుకల బొరియలు, నాలుగు టైర్ల అచ్చులు.

తమ్ముడు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. యాభై దాటినవాడు, మనవణ్ణి ఎత్తుకున్నవాడు, చిన్నపిల్లవాడిలా గోడకు ఆనుకుని, "ఒక అక్క ఉండె, సచ్చిపోయిందని ఎరుక గానీ, గిదంత నాకెవ్వలు జెప్పలేదక్కా" అన్నాడు. మళ్లీ కాసేపటికి అడిగాడు.

"ఆమె పేరేంది?"

నేను నోరు తెరిచాను. పేరు నాకు తెలుసు, ఎప్పుడూ మరిచిపోలేదు. కానీ ఆ దవాఖాన నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా దాన్ని పైకి అనలేదని అప్పుడే తెలిసింది. అమ్మ అనలేదు, బాపు అనలేదు, బాపమ్మ అనలేదు. వాళ్లందరూ దాన్ని అనకుండానే పోయారు.

"బాలమణి" అన్నాను.

"బాలమణి" అన్నాడు తమ్ముడు.